అంతవరకూ పులి ఎక్కడుంది

మా నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పారు. ఆ ఉద్యోగంలో ఆయన సంపాదించుకున్న శత్రువు ఒక్కటే. మనిషి కాదు, మాట. సడన్‌లీ.

ఎనిమిదో తరగతి పిల్లల్ని సొంతంగా ఓ కథ రాయమంటే అందరూ ఒకటే కథ రాసేవాళ్లు. ఒకరోజు నేను అడవిలో నడుచుకుంటూ వెళ్తున్నాను. సడన్‌లీ ఒక పులి వచ్చింది. మా వైపు పిల్లలు అడవి చూసిన పాపాన పోలేదు. వరిచేలు దాటితే కొబ్బరితోటలు, కొబ్బరితోటలు దాటితే కాలవ, కాలవ దాటితే మళ్లీ వరిచేలు. అయినా అందరూ అడవికే వెళ్లేవాళ్లు, అందరికీ పులే ఎదురయ్యేది. నాన్నగారు ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన తెలుగులో రాసేవారు: "అంతవరకూ పులి ఎక్కడుంది?"

ఆయన వాదన ఏంటంటే, పులి పైనుంచి ఊడిపడదు. పొదలో ఉంది. కథ రాసినవాణ్ని చూస్తూనే ఉంది. వీడు చూడలేదు. చూడకపోవడానికి వీడు పెట్టుకున్న పేరు సడన్‌లీ. "అది పులి గురించి చెప్పే మాట కాదురా, నీ గురించి చెప్పే మాట" అనేవారు. ఈ దెబ్బతో ఆయనకి ఊళ్లో పులి మాస్టారని పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెన్షన్ కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంట్లో కూడా అదే బాధ. సడన్‌గా బండి ఆగిపోయింది నాన్నగారూ అంటే, "అంతవరకూ పెట్రోలు ఎక్కడుంది?" అనేవారు. సడన్‌గా చుట్టాలొచ్చారంటే ఆయన నోరు తెరిచేలోపు అమ్మ అందుకునేది. "అంతవరకూ వాళ్లు బస్సులో ఉన్నారు లెండి. వెళ్లి పాలు తెండి."

ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు విప్పారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకొచ్చారట. ఫ్రెంచివాళ్లకి లాటిన్ నుంచి వచ్చిందట. లాటిన్‌లో అది రెండు ముక్కలు: కింద అనేదొకటి, వెళ్లడం అనేదొకటి. కలిపితే, చాటుమాటుగా, చప్పుడు చెయ్యకుండా దగ్గరికి రావడం.

"పుట్టినప్పుడు దానికి అర్థం వేగం కాదు. దొంగతనంగా రావడం. వాడగా వాడగా దొంగ పోయాడు, ఉలికిపాటు మిగిలింది" అన్నారు నాన్నగారు.

"మరి మన అకస్మాత్తు?" అన్నాను, పులుసు గిన్నె నా వైపు లాక్కుంటూ.

"అకస్మాత్తంటే ఎందుకో తెలీకుండా అని. సంస్కృతం చేతులెత్తేసింది. హఠాత్తంటే బలవంతాన మీదపడటం. మనవాళ్లు మాత్రం ఉన్నట్టుండి అన్నారు చూడు. ఉన్నది ఉన్నట్టే ఉందని ముందే ఒప్పుకున్నారు."

"అన్నం ఉన్నట్టుండి చల్లారిపోతోందండీ" అంది అమ్మ.

మా ఊళ్లో సడన్‌లీకి తోక కత్తిరించి 'గా' తగిలించారు. అలా తగిలించాక దాని వాడకం ఎక్కువగా చావుల దగ్గరే. ఏళ్ల తరబడి షుగరున్నాయన, చుట్ట మానమంటే డాక్టర్నే మానేసినాయన, అందరూ మా ఊళ్లో సడన్‌గానే పోతారు. చర్చిలో లేచి దేవుడి మేళ్లకి సాక్ష్యం చెప్పేవాళ్లు కూడా సడన్‌గా లేకుండా మైకు ముట్టుకోరు. నాన్నగారు ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకునేవారు. ప్రార్థన అనుకునేవాళ్లు జనం. నాకు తెలుసు, మనసులో ఎర్ర సున్నా చుడుతున్నారని.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, పులి వచ్చేదాకా.

మాది రాజమండ్రికి దగ్గర్లో, ఇళ్లకన్నా నర్సరీలు ఎక్కువున్న ఊరు. కాలవ గట్టు పక్కన అమ్మకి ఒక చిన్న నర్సరీ ఉంది. ముందు వైపు గేటు, గేటు పక్కన మోటారు గది, దాని ఎదురుగా బొమ్మలు. పార్కులవాళ్లూ రిసార్టులవాళ్లూ మొక్కలతోపాటు సిమెంటు కొంగలూ ఫైబరు జింకలూ కూడా అడుగుతారు కాబట్టి, మా దగ్గర ఒక ఏనుగు, నాలుగు జింకలు, ఒక జిరాఫీ, ఒక చిరుత ఉండేవి. వెనకంతా ఎండ ఆపే ఆకుపచ్చ షేడ్‌నెట్ పందిరి, దాని కింద కవర్లలో మొక్కలు, చివర్న మనిషెత్తు పామ్ మొక్కలు. నేను ఆ మొక్కల ఫొటోలు తీసి ఫోన్లో అమ్ముతుంటాను. దీన్ని మా చుట్టాలు ఖాళీగా ఉండటం అంటారు.

మొదట రాజమండ్రి బయట ఎవరింటి సీసీ కెమెరాలోనో ఒక చిరుతపులి గోడ దూకుతూ కనిపించింది. ఆ వీడియో చూసి అందరం సరదాపడ్డాం. దూరపు పులి సరదాగానే ఉంటుంది. తర్వాత మా పక్కూరి నర్సరీలో తడిమట్టి మీద దాని అడుగులు పడ్డాయి. ఫారెస్టువాళ్లు వచ్చి అక్కడక్కడా కెమెరాలు కట్టారు, బోను పెట్టి అందులో మేకని కట్టారు. ఆటోకి మైకు కట్టి, పొద్దుపోయాకా తెల్లవారకముందూ ఎవరూ బయటికి రావద్దని చాటించారు.

టీ కొట్టు దగ్గర నాన్నగారికి తీరిక లేకుండా పోయింది.

"మాస్టారూ, మీవాడు వచ్చాడండి."

"ఇన్నాళ్లూ ఎక్కడున్నాడో అడిగారాండీ?"

"నవ్వకండి. ఉన్నాడు కాబట్టే అడిగాను ఇన్నాళ్లూ" అన్నారాయన, టీ గ్లాసు కిందపెట్టి.

ఆ మాటతో జనం గ్లాసులు దించి ఇళ్లకి బయల్దేరారు. నేను కూడా.

ఆ వారం ఊరు ఊరిలా లేదు. పొద్దు వాలితే తలుపులన్నీ మూసేసేవాళ్లు. ఎండు కొబ్బరిమట్ట రాలితే పక్కింటివాళ్లు లైట్లు వేసుకునేవాళ్లు. మా ఇంట్లోనూ లైటు వెలిగేది, కానీ వాళ్లని చూసి వేశామని చెప్పుకునేవాళ్లం. చర్చిలో పాస్టరుగారు, బైబిల్లో సింహాల గుహలో పడేసినా బతికి బయటపడ్డ భక్తుడి మీద ప్రసంగం చేశారు. ఆ గుహలో ఉన్నాయన ఒక్క రాత్రే ఉన్నాడు కదా, మాకు రోజూ ఉందే అని గొణిగాను. అమ్మ నా తొడ మీద గిల్లింది. జోకులైతే వేస్తున్నాను గానీ, రాత్రి బాత్రూముకి వెళ్లాలంటే నాన్నగార్ని లేపేవాణ్ని. ఆయనకే వెళ్లాల్సి ఉంటుందేమోనని అడిగినట్టుగా.

అసలు చిక్కు నీళ్ల దగ్గర వచ్చింది. వానలు మొహం చాటేశాయి. ఉక్కకి కవర్లలో మొక్కలు ఒక్కపూట నీళ్లు తప్పినా తలలు వాల్చేస్తున్నాయి. మోటారుకి కరెంటు వచ్చేదేమో తెల్లవారుజామునే. మైకులో రావద్దన్న వేళ, మోటారు రమ్మన్న వేళ ఒకటే.

"ఈ నాలుగు రోజులూ మానెయ్యమ్మా" అన్నాను.

"మానేస్తే మొక్కల్ని నువ్వు బతికిస్తావా?"

"పులి ఉందే."

"ఉంటే దాని పని అది చూసుకుంటుంది. కరెంటువాళ్లు దాన్ని అడిగి ఇస్తారా?"

అమ్మ మాటకి ఎదురు లేదు కాబట్టి మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముగ్గురం కలిసి వెళ్లడం. నేను మోటారు గదిలో. అమ్మ పందిట్లో పైపుతో. నాన్నగారు అమ్మకి కాస్త ఎడంగా దారిలో తిరుగుతూ స్టీలు కంచం మీద గరిటెతో కొడుతూ ఉండటం. చప్పుడుంటే దగ్గరికి రాదని ఫారెస్టువాళ్లు చెప్పారు. రాకుండా ఉంటుంది సరే, ముందే వచ్చి ఉన్నదాని సంగతి ఎవరూ అడగలేదు.

ఆ కంచం చప్పుడు వింటూ మోటారు గదిలో నిలబడేవాణ్ని. అది మోగుతున్నంతసేపూ మా ఇద్దరు పెద్దవాళ్లూ ఉన్నట్టు లెక్క. అమ్మానాన్నల క్షేమం గరిటె మీద ఆధారపడిన ఇల్లు మాదొక్కటేనేమో.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అన్నీ కనిపిస్తాయి. రోజూ మా వెంట నర్సరీ అంతా తిరిగే వీధికుక్క గేటు బయటే కూర్చోవడం మొదలెట్టింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిందన్నాను. పందిరి చివర కొబ్బరిపొట్టు గుట్ట మీద ఎవరో కూర్చున్నట్టు గుంట పడింది. ఫోన్ చూసుకుంటూ దానిమీద దొర్లుతున్నానని అమ్మ నన్ను తిట్టింది. నేను కాదంటే నమ్మలేదు. ఏదో వాసన వస్తోందంటే, ఎరువుకి తెచ్చిన ఆముదం చెక్క వాసనన్నారు నాన్నగారు. పొద్దున్నే పామ్ మొక్కల్లో గోల చేసే పిట్టలు ఆ వైపు మానేశాయి. దానికైతే మేం కారణం కూడా వెతకలేదు. పులి రావడానికి అన్ని దార్లూ కాపలా కాస్తున్నాం కదా.

ఈ గొడవలోనే కాకినాడ నుంచి ఒక రిసార్టాయన జిరాఫీ కోసం వ్యాను పంపాడు. అమ్మ ఆ పూట రామచంద్రపురంలో మా పిన్ని ఇంటికి వెళ్లింది. వచ్చిన మనిషికి చిరుత బొమ్మ కూడా నచ్చింది. సరేనని అది కూడా ఎక్కించాం. దార్లో జనం చూస్తే రాళ్లేస్తారని దానికి నిండా గోనెపట్టాలు చుట్టాం. తాడు ముడి నాన్నగారే వేశారు. జిరాఫీ తల వ్యాను మీంచి ఊరందర్నీ చూసుకుంటూ పోయింది గానీ, చిరుత వెళ్లిన సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. అమ్మకి నాన్నగారు చెప్పారనుకున్నాను నేను. నేను చెప్పాననుకున్నారు ఆయన. ఇంట్లో అందరూ మాట్లాడుకునేది అసలు పులి గురించే. బొమ్మ పులి గురించి ఎవరికి పట్టింది.

వ్యాను వెళ్లిన కొన్నాళ్లకి, ఆ తెల్లవారుజాము.

చీకటి పల్చబడుతోంది. మోటారు మోగుతోంది. నేను గది గడప మీద కూర్చుని ఆవలిస్తున్నాను. అమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, తడి చేతులు దులుపుకుంటూ పందిట్లోంచి వచ్చింది. విసుగ్గా ఉంది.

"ఆ చిరుత బొమ్మని పామ్ మొక్కల్లో పడుకోబెట్టింది ఎవర్రా, నువ్వేనా?"

"ఏ బొమ్మ?"

"ఎన్ని బొమ్మలున్నాయిరా మనకి? చిరుత బొమ్మ. రంగు పోయేలా నేలమీద పడేశారు. మీ నాన్నగారికి చెప్పాను, నిలబెడతానన్నారు. మోటారు ఆపించమని నన్ను ఇటు పంపించారు. నువ్వెళ్లి ఓ చెయ్యి వెయ్యి, ఒంటిచేత్తో ఎత్తితే ఆయన నడుం పట్టేస్తుంది."

అప్పుడు తెలిసింది, కంచం మోగటం లేదని. ఎప్పుడు ఆగిందో తెలీదు.

బొమ్మ కాకినాడలో ఉంది. ఆ తాడు ముడి వేసిన మనిషి పందిట్లో ఉన్నారు. అమ్మ బొమ్మ అనగానే ఆయనకి తెలిసిపోయింది. తెలిసి, నిలబెడతాలే అని, ఆవిడని బయటికి పంపించి, తాను అక్కడే ఉండిపోయారు.

నాకు ప్రతిదానికీ ఒక జోకు వస్తుంది. మా తాతయ్య పోయినప్పుడు కూడా వచ్చింది. ఆ పూట రాలేదు. అరిస్తే అది ఎటు దూకుతుందో తెలీదు. అమ్మకి చెబితే ఆవిడ ఆయన కోసం లోపలికి పరిగెడుతుంది, అది మాత్రం తెలుసు.

"గేటు బయట ఎవరో పిలుస్తున్నారమ్మా" అన్నాను.

"ఈ వేళప్పుడా?"

"మొక్కలకేమో. నువ్వెళ్లి చూడు. నేను నాన్నగారి దగ్గరికి వెళ్తున్నాను."

"గొంతేంటిరా అలా ఉంది? జలుబు చేసిందా?" అంటూనే గేటు వైపు వెళ్లింది. ఆవిడ చెప్పులు గేటు దాటిన చప్పుడు విన్నాకే నేను కదిలాను. మోటారు ఆపలేదు. ఉన్న చప్పుడు పోతే దానికి ఏమనిపిస్తుందో అని.

పందిట్లో ఆకుపచ్చ చీకటి. అమ్మ వదిలేసిన పైపు దారిలో పడి నీళ్లు కక్కుతోంది. క్రోటన్ల మలుపు తిరిగేసరికి నాన్నగారి వీపు కనిపించింది. కంచం గుండెకి ఆనించి పట్టుకున్నారు. గరిటె కిందికి వేలాడుతోంది. ఆయన ముందర పామ్ మొక్కలు. ఆకులు తప్ప నాకేమీ కనిపించలేదు. అమ్మ పొరబడిందేమో అనుకున్నాను. ఎంతో ఆశగా అనుకున్నాను. అప్పుడు ఆకుల కింద నేలమీద పడి ఉన్న తాడు లాంటిది చివర కొద్దిగా లేచి, మళ్లీ పడుకుంది.

ఫైబరు తోకలు కదలవు.

"నువ్వేనా?" అన్నారు నాన్నగారు, తల తిప్పకుండా.

"ఆఁ."

"మీ అమ్మ?"

"గేటు బయట."

ఆయన భుజాలు కొంచెం దిగాయి. అంతవరకూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని అప్పుడర్థమైంది.

"పరిగెత్తకు" అన్నారు, క్లాసులో వెనక బెంచీకి మాత్రమే వినపడేలా చెప్పే గొంతుతో. "అది ఇంతసేపూ ఇక్కడే ఉంది. కంగారుపడలేదు. మనం కూడా సడన్‌గా ఏమీ చెయ్యకూడదు."

ఆయన నోట ఆ మాట తిట్టుగా కాకుండా వినడం అదే మొదలు.

ఆయన వెనక్కి చెయ్యి చాపారు. నేను చొక్కా పట్టుకున్నాను. ఆయన దాన్నే చూస్తూ వెనక్కి అడుగేస్తే, నేను దారి చెప్పాలి. "కవర్లున్నాయి. ఎడమకి. పైపు. దాటండి." చెప్పుల్లోకి చల్లటి నీళ్లు వచ్చాయి. మూడో నాలుగో అడుగులకి ఆకుల సందులోంచి దాని మొహం కనిపించింది. కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు. వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూసే మనిషి మొహంలా ఉంది. అదే ఎక్కువ భయం వేసింది. మా అమ్మని ఎన్ని తెల్లవారుజాములు అలా చూస్తూ పడుకుందో.

అది లేచింది. లేస్తుంటే ఆకు చప్పుడు కూడా కాలేదు. నేను చొక్కా గట్టిగా లాగాను. నాన్నగారు లాగనివ్వలేదు, అదే నడక నడిచారు. క్రోటన్ల మలుపు మా మధ్యకి వచ్చింది. ఆ తర్వాత అది కనిపించడం మానేసింది, అంతకన్నా ఘోరం ఇంకోటి లేదు. గేటు దాకా ఉన్న ఆ కాస్త దూరం నా వెనకాల ఏముందో తెలీకుండా నడిచాను.

గేటు బయటికొచ్చి గొళ్లెం పెట్టాను. మా గేటు నడుమెత్తు ఉంటుంది. అయినా పెట్టాను.

"ఎవరూ లేరు కదరా ఇక్కడ" అంది అమ్మ. ఆయన వైపు తిరిగి, "నిలబెట్టారా?" అంది.

"అదే లేచి నిలబడింది" అన్నారు నాన్నగారు.

అమ్మ నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది. ఆయన చేతిలో కంచం చూసింది, అది ఆయన చొక్కా గుండీలకి తగిలి సన్నగా టకటకమంటోంది. ఆవిడ రోడ్డు మీదే కూర్చుండిపోయింది. కుక్క వచ్చి పక్కన కూర్చుంది.

ఫారెస్టువాళ్లు తెల్లవారాక వచ్చారు. అది అప్పటికే నెట్ చిరిగిన చోటునుంచి కాలవ గట్టు ఎక్కి వెళ్లిపోయింది. కొబ్బరిపొట్టు గుంటలో వెంట్రుకలు, పామ్ మొక్కల మొదట్లో కోడి ఈకలు చూపించారు.

"కొన్నాళ్లుగా మకాం ఇక్కడేనండి. చప్పుడుకి అలవాటు పడినట్టుంది. మీరెవరూ చూడలేదా అండి?"

"చూశానండి" అంది అమ్మ, నెమ్మదిగా. "మొన్న కూడా చూశాను. అప్పుడు కూర్చుని ఉంది. ముందు వైపు బొమ్మ లేదు, వెనక ఉంది కాబట్టి వీళ్లు జరిపారనుకున్నాను. దుమ్ము కడుగుదామనుకున్నాను కూడానండి. పైపు అందలేదు."

ఆ ఫారెస్టాయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నాన్నగారు వెళ్లి కాలవ వైపు తిరిగి నిలబడ్డారు. చాలాసేపటిదాకా ఇటు తిరగలేదు.

ఆ రోజంతా ఇంట్లో అదే.

"తెలిసే నిలబడ్డారా అక్కడ?"

"నువ్వు నిలబెట్టమన్నావు కదా."

"వెటకారాలొద్దు. తెలిసే నిలబడ్డారా?"

"ఇద్దరం వెనక్కి తిరిగితే దాన్ని చూస్తూ ఎవరుండాలి?" అన్నారాయన. అమ్మ ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. కంచంలో మాత్రం చేప ముక్కలు ఎక్కువ పడ్డాయి.

ఆ పులి ఫారెస్టువాళ్ల బోన్లో పడలేదు. మేక మాత్రం బాగా ఒళ్లు చేసింది. చాలా రోజుల తర్వాత కోరుకొండ వైపు ఎక్కడో అడుగులు కనిపించాయన్నారు, ఆ తర్వాత ఆ మాట కూడా లేదు. టీ కొట్టు దగ్గర ఇప్పటికీ అడుగుతారు. "సడన్‌గా ఎదురుపడేసరికి ఎలా అనిపించిందండి మాస్టారూ?" పాతరోజులైతే ఆయన పీరియడు మొత్తం తీసుకునేవారు. ఇప్పుడు, "భయం వేసిందండి" అని టీ తాగుతారు.

మొన్న ఎవరో ఫోన్ చేసి చిరుత బొమ్మ ఉందా అని అడిగారు. అమ్మ నా చేతిలో ఫోన్ తీసుకుని, "ఉండేదండి, వెళ్లిపోయింది. జింకలు తీసుకెళ్లండి" అంది.

ఆ జింకల దగ్గర కూడా ఆవిడ ఇప్పుడు ఊరికే వెళ్లదు. తెల్లవారుజామున పైపు పట్టుకుని, ముందు దూరం నుంచి ఒక్కో బొమ్మ మొహం మీదా నీళ్లు కొడుతుంది. కాసేపు చూస్తుంది. కదలకపోతే అప్పుడు అడుగు ముందుకేస్తుంది. రంగులు పోతున్నాయమ్మా అని నేనూ అనను. వెనకాల నాన్నగారు కంచం కొడుతూ తిరుగుతారు. ఇప్పుడు అవసరం లేదని ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఎప్పుడైనా చెయ్యి మార్చుకోవడానికి ఆ చప్పుడు ఆగితే, మోటారు గదిలోంచి నేను పిలుస్తాను.

"నాన్నగారూ."

"ఉన్నానురా" అంటారు. మళ్లీ మోగుతుంది.